ఇప్పచెట్టు కింద నిప్పు

శ్రీముఖలింగంలో స్వామి పేరు మధుకేశ్వరుడు. మధూకమంటే ఇప్పచెట్టు. సవరల నాయకుడొకడు ఇప్పచెట్టును నరికితే అందులోంచి శివుడు ముఖంతో కనిపించాడని స్థలపురాణం. గర్భగుడిలో ఉన్నది ఆ చెట్టు మొదలేనని ఇప్పటికీ చెబుతారు. శివరాత్రికి కొండల మీంచి సవరలు దిగివస్తారు, ఒడిశా నుంచీ వస్తారు, వంశధారలో మునిగి దర్శనం చేసుకుంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే కొండ మీద ఆకు రాలడం మొదలవుతుంది. ఇంకొన్నాళ్లకు ఇప్ప పూస్తుంది. ఆ పూలు తెల్లవారుజామున రాలి ఎండుటాకుల్లో కలిసిపోతాయి. ఏరుకోవడానికి తేలిగ్గా ఉంటుందని చెట్టుకింది ఆకుకు అగ్గి పెడతారు. అది ఆ చెట్టుకిందే ఆగితే గొడవ లేదు. ఆగకపోతే, రాత్రి ఏటిగట్టు మీద నిలబడి ఉత్తరంగా చూసేవాడికి కొండవాలు మీద ఎర్రటి గీత పాకుతూ కనిపిస్తుంది.

నల్లమల లాంటి ఏకాండీ అడవి కాదు ఇక్కడిది. హిరమండలం, మెళియాపుట్టి, పాతపట్నం, అటు సీతంపేట, భామిని వైపు వెళితే పోడు చేలు, జీడితోటలు, కొండచీపురు మడులు, మధ్యమధ్య తుప్పలు, గెడ్డల వెంట పెద్దచెట్లు, ఆపైన రిజర్వు అడవి, అన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. ఒకరి పోడులో లేచిన మంట ఇంకొకరి జీడితోటను తినేస్తుంది. మంట దాటిపోకుండా వేసవికి ముందే అడ్డంగా ఒక పట్టీ కాల్చి ఉంచడం పాత పద్ధతి. అటవీ సిబ్బంది దాన్ని ఫైర్ లైన్ అంటారు. కాల్చడమంటే మళ్లీ నిప్పే కదా, దాన్ని అదుపు తప్పకుండా పెట్టడానికి ఏ సామాను కావాలన్నది ఈ వ్యాసం ప్రశ్న. చదివినవీ చూసినవీ కొండమీది వాళ్లను అడిగినవీ కలుపుకుంటే నాకు ఒకటి తేలింది. ఈ విషయం ఎత్తగానే అందరి చూపూ నిప్పు పెట్టే పరికరం మీదికే పోతుంది. నిజానికి అది ఆఖరున కొనాల్సిన వస్తువు.

ముందు కొంచెం వెనక్కి వెళ్లాలి. మన దేశంలో అడవిని నిప్పు నుంచి కాపాడే పనిని ఒక పద్ధతిగా మొదలుపెట్టింది 1860లలో, మధ్యపరగణాల్లోని బోరి అడవిలో, కర్నల్ పియర్సన్ అనే అధికారి. అంతవరకూ మన అడవుల్లో నిప్పును ఆపడం అసాధ్యమని తెల్లదొరల్లోనే చాలామంది అనుకునేవారు. పట్టీలు కొట్టి, కాల్చి, కాపలా పెట్టి ఆయన ఆపి చూపించాడు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చాక రిజర్వు అడవిలో అగ్గి పెట్టడం నేరమైంది. అప్పట్లో గంజాం జిల్లాలో ఉన్న ఈ ప్రాంతానికీ ఆ చట్టం తాకింది. ఇప్పుడున్న 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కూడా అదే మాట చెబుతుంది. దాంతో నిప్పు పెట్టే నేర్పు ఒకరి దగ్గర, అధికారం ఇంకొకరి దగ్గర మిగిలాయి. శ్రీముఖలింగం పక్కనే ఉన్న పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు సవరల భాష నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు రాశారు. కొండవాళ్లతో మాట్లాడాలంటే ముందు వాళ్ల మాట నేర్చుకోవాలన్న ఆ సంగతి అడవి శాఖల దాకా వెళ్లినట్టు లేదు.

ఫైర్ లైన్‌లో అసలు కిటుకు చాలామంది వర్ణనల్లో జారిపోతుంది. వానాకాలం వెళ్లి గడ్డి పండుబారుతుండగానే పట్టీ మీది గడ్డినీ తుప్పలనూ కొట్టి అక్కడే పరుస్తారు. కొట్టిన గడ్డి వారం పది రోజుల్లో ఎండిపోతుంది. చుట్టూ నిలబడి ఉన్న గడ్డిలో మాత్రం ఇంకా పచ్చి ఉంటుంది, మంచు పడుతుంటుంది. పట్టీ మీదిది భగ్గున అంటుకుంటుంది, పక్కది అంటుకోదు. ఈ తేడాయే రక్ష. పట్టీకి రెండు వైపులా మట్టి కనిపించేదాకా సన్నగా గీకిన గీతలు ఉంటాయి గానీ అవి రెండో కాపలా మాత్రమే. డిసెంబరులో, జనవరిలో చేస్తే నలుగురు మనుషులు చాలిన పనికి మార్చిలో నలభైమంది, ట్యాంకరు, దేవుడి దయ కావాలి. బిల్లులు పాసయ్యేసరికి ఫిబ్రవరి దాటిపోయే చోట ఎంత గొప్ప సామాను కొన్నా ఈ తేడాను తిరిగి కొనలేం.

గాలి సంగతి కొండమీది రైతుకు పుస్తకం చెప్పక్కర్లేదు. పగలు ఎండకు వాలు వేడెక్కి గాలి పైకి ఎక్కుతుంది. పొద్దు వాలాక చల్లబడి కిందికి దిగుతుంది. ఆ రెంటికీ నడుమ గాలి కాసేపు ఊపిరి బిగబట్టినట్టు నిలిచిపోతుంది. సీతంపేట వైపు ఒక సవర పెద్దాయన తన జీడితోట అంచు చూపిస్తూ అన్నాడు: “ముందల గెడ్డకాసి తుడిసేస్తాం బావూ. గాలి పడిపోనాక పైనుంచి ఎడతాం. అప్పుడది నెమ్మదిగా కిందకి దిగుతాది.” ఆస్ట్రేలియా అగ్నిమాపక పాఠాలు ఇదే మాటను లెక్కల్లో చెబుతాయి: వాలు పది డిగ్రీలు పెరిగిన కొద్దీ పైకెక్కే మంట వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. కిందినుంచి పెడితే మంట మనకంటే ముందు పరుగెడుతుంది. పైనుంచి పెడితే వెనక్కి నడిచినట్టు దిగుతుంది, మనిషి పక్కన నిలబడి చూసుకోవచ్చు. పెద్దాయన ఇంకో పనీ చేశాడు. పట్టీ మొత్తానికి అంటించే ముందు చాపంత చోట అంటించి, పొగ ఎటు వాలుతుందో, మంట ఎంత ఎత్తు లేస్తుందో చూసి, బీడీ కాల్చుకుంటూ ఆగాడు. ఆ బీడీ ముక్కను నేలకేసి రుద్ది, దాని మీద మట్టి వేసి మరీ లేచాడు.

ఇక సామాను. మొదటిది తుడిచేది. రాలుటాకు అడవిలో పట్టీ తెగాలంటే ఆకు పోవాలి. ఇప్పుడు అటవీ శాఖలకు బాగా నచ్చిన పరికరం లీఫ్ బ్లోయర్. తెలంగాణలో అమ్రాబాద్, కవ్వాల్ పులుల అడవుల్లో బృందాలు వాటిని వీపున వేసుకుని తిరుగుతున్నాయి. పెట్రోలుతో నడిచే యంత్రం, పది కిలోల దాకా బరువు, గొట్టం కొసన గాలి గంటకు 200 కిలోమీటర్ల పైనే కొడుతుంది. పదిమంది చీపుర్లతో చేసే పని ఇద్దరు చేసేస్తారు. మెచ్చుకోవాల్సిందే. అయితే దానికి రెండు దుర్గుణాలు ఉన్నాయి. రాజుకుంటున్న నిప్పుకణం దగ్గర తిప్పితే అదే కొలిమితిత్తి అవుతుంది. వేడెక్కిన ఇంజనులో పెట్రోలు పోస్తే, కాపాడాల్సిన గడ్డిలోనే మొదటి మంట లేస్తుంది. చిన్న జీడితోటలకు అది అక్కర్లేదని నా ఉద్దేశం. కొండచీపుర్లు కట్టి సంతకు పంపే ఊళ్లలో తుడవడానికి యంత్రమా! వెదురు కర్రకు కట్టిన పెద్ద చీపురు, కమ్మరి చేత చేయించిన పళ్ల పార చాలు. అమెరికాలో మాల్కం మెక్లాయిడ్ అనే అటవీ రేంజర్ 1905లో ఒక అంచు పార, ఇంకో అంచు పళ్లు ఉన్న పనిముట్టు చేయించాడు. ఆయన పేరుతోనే పిలిచే ఆ పనిముట్టును నేటికీ అడవి మంటల దగ్గర వాడుతున్నారు. మన కొలిమిలో పుట్టకూడని వస్తువేమీ కాదది.

రెండోది ఆర్పేది. నీళ్లు మోసుకెళ్లడానికి ప్రత్యేకంగా వీపు పంపులు ఉన్నాయి గానీ, ప్రతి ఊళ్లోనూ పురుగుమందు కొట్టే పదహారు లీటర్ల పంపు ఉండనే ఉంటుంది. మందు వాసన పోయేదాకా రెండు మూడుసార్లు కడిగితేనే అది పనికొస్తుంది. కొన్ని మందుల్లో కలిపే ద్రావకాలు మండేవే, ఆ ఆవిరి పీల్చడమూ మంచిది కాదు. పదహారు లీటర్లంటే పదహారు కిలోలు. వాలు మీద గంట మోశాక మనిషి అలసట నీళ్ల కంటే బరువవుతుంది. అందుకే నీళ్లను మంట మీద గుమ్మరించరు. గీత దాటబోయిన చోట సన్నగా చల్లి, మిగతా పని పచ్చిమండలకు వదులుతారు. మండతో కొట్టడంలోనూ ఒక తీరు ఉంది. కొత్తవాడు కట్టె కొట్టినట్టు పైకెత్తి బాదుతాడు, రవ్వలు లేచి అవతల పడతాయి. తెలిసినవాడు నేలకు అదిమి, కాలినవైపు ఈడుస్తాడు. కర్రకు పాత కన్వేయర్ బెల్టు ముక్క బిగించిన రబ్బరు పట్టీలను చాలా దేశాల్లో వాడతారు. ఈత మట్ట రెండు దెబ్బలకే ఎండిపోతుంది, రబ్బరు సీజనంతా ఆగుతుంది. లారీ చక్రాల వెనక వేలాడే మడ్‌గార్డు రబ్బరుతో ఊళ్లోనే చేసుకోవచ్చు.

మూడోది ఒంటి మీద ఉండేది. చూసిన ప్రతిచోటా అన్నిటికంటే హీనంగా ఉన్నది ఇదే. మంటలో పనిచేసేవాళ్లకు నోమెక్స్ లాంటి మండని బట్టలు ఉంటాయని ప్రపంచానికి అరవై ఏళ్లుగా తెలుసు. మన దగ్గర ఫైర్ వాచరు పాలిస్టర్ చొక్కా, హవాయి చెప్పులతో కొండ ఎక్కుతాడు. పాలిస్టర్ మండడంతో ఆగదు, కరుగుతుంది. కరిగి చర్మానికి అతుక్కుంటుంది. నూలుబట్ట కనీసం బూడిదై రాలుతుంది. నోమెక్స్ రాకపోయినా ముతక నూలు చొక్కా, నూలు ప్యాంటు, తోలు బూట్లు, కళ్లద్దాలు, చేతులకు తోలు తొడుగులు ఉండాలి. మొహానికి తడితువ్వాలు కట్టుకుంటే పొగ ఆగుతుందన్న నమ్మకం ఒకటుంది. బూడిద కొంత ఆగుతుంది గానీ పొగలోని విషవాయువు ఆగదు. 2020 ఫిబ్రవరిలో కేరళలో త్రిస్సూర్ జిల్లా కొట్టంబత్తూరు దగ్గర మంట ఆర్పబోయిన ముగ్గురు అటవీ సిబ్బంది చనిపోయారు. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని బిన్సార్ అభయారణ్యంలో నలుగురు అక్కడికక్కడే పోయారు, గాయపడినవాళ్లలో తర్వాత ఇంకొందరు. 2018 మార్చిలో తమిళనాడు కురంగణి కొండల్లో 23 మంది చనిపోయారు. వాళ్లు ట్రెక్కింగుకు వెళ్లినవాళ్లు, మంటతో పని లేనివాళ్లు.

పారిపోయే దారి ఏదన్నది కూడా సామాను కిందే లెక్క. పొగలో దిక్కు తెలియనప్పుడు ఇంతకుముందే కాలి నల్లబడ్డ నేల కంటే భద్రమైన చోటు లేదు. 1949 ఆగస్టులో అమెరికాలోని మాన్ గల్చ్ లోయలో మంట తరుముతుంటే జట్టు నాయకుడు వాగ్ డాడ్జ్ తన ముందున్న గడ్డికి తానే అగ్గిపుల్ల గీసి, కాలిన చోట బోర్లా పడుకుని బతికాడు. జట్టువాళ్లకు అది పిచ్చిపనిలా కనిపించింది. ఆ మంటలో పదముగ్గురు చనిపోయారు. పట్టీ కాల్చేవాడు ఎప్పుడూ తను కాల్చిన వైపునే వెన్ను ఉంచుకోవాలన్న నియమం వెనక ఇలాంటి చావులు ఎన్నో ఉన్నాయి.

ఇవన్నీ సమకూరాక, అప్పుడు, నిప్పు పెట్టేది. డ్రిప్ టార్చ్ అంటే ఒక చేత్తో మోయగల ఐదు లీటర్ల డబ్బా, దానికి వంపు తిరిగిన గొట్టం, కొసన మండే వత్తి. డబ్బా వంచితే నూనె చుక్కలుచుక్కలుగా వత్తి మీదుగా జారి, అంటుకుని నేల మీద పడుతుంది. గొట్టం మధ్యలో ఒక మెలిక ఉంటుంది. చూడ్డానికి అలంకారంలా ఉంటుంది గానీ ప్రాణం అందులోనే ఉంది. ఆ మెలికలో నిలిచే నూనె వత్తి దగ్గరి మంటను డబ్బాలోకి రానివ్వదు. నూనె పాళ్లు సాధారణంగా మూడు వంతుల డీజిలుకు ఒక వంతు పెట్రోలు, ఎండ ముదిరితే డీజిలు ఇంకా పెంచుతారు. పెట్రోలు సున్నాకు నలభై డిగ్రీలు కిందున్న చలిలోనూ మండే ఆవిరి వదులుతుంది. డీజిలు అంత తేలిగ్గా వదలదు. అందుకని అంటించేది పెట్రోలు, నిలబడి మండేది డీజిలు. వట్టి పెట్రోలు పోసిన డబ్బా చేతిలో ఉన్నదంటే బాంబు పట్టుకున్నట్టే. రేషను కిరోసిన్ దొరికిన రోజుల్లో వెదురు కర్రకు గుడ్డ చుట్టి ముంచిన కాగడా ఈ పని చేసేది. ఇప్పుడు కొన్నిచోట్ల మండుతున్న సైకిల్ టైరును తీగకు కట్టి ఈడ్చుకెళతారు. కరిగిన రబ్బరు ఎక్కడ చిందుతుందో ఈడ్చేవాడికే తెలియదు, ఈడ్చే దారిలో గీతా ఉండదు. దానికంటే డ్రిప్ టార్చ్ వెయ్యి రెట్లు మేలు. కానీ అది వేగాన్ని ఇస్తుంది, వేగం అదుపున్నవాడికే మంచిది. ముందు గాలి పోయే వైపు అంచున సన్నటి నల్లగీత కాల్చుకుని, అది చల్లబడ్డాక లోపలికి మీటరు మీటరుగా జరుగుతూ పోవాలి. టార్చ్ చేతిలో ఉన్న కుర్రాడికి ఆ ఓపిక ఉండదు, పట్టీ మొత్తం ఒకేసారి అంటించేస్తాడు.

అంతకంటే పెద్ద డబ్బున్న దేశాలు హెలికాప్టర్ నుంచి, ఇప్పుడు డ్రోన్ల నుంచి, పింగ్‌పాంగ్ బంతులు రాలుస్తాయి. లోపల పొటాషియం పర్మాంగనేట్ పొడి ఉంటుంది. రాల్చే ముందు సూదితో గ్లైకాల్ ఎక్కిస్తే కొన్ని సెకన్లలో దానంతటదే అంటుకుంటుంది. మన ముక్కలుముక్కల కొండల మీద అది అవివేకం. బంతి పడ్డ చోట ఎవరి జీడితోట ఉందో డ్రోనుకేం తెలుసు?

సామాను అంతా ఉండి, చదువుకున్నవాళ్లు ఉండి, కాగితాలన్నీ సక్రమంగా ఉండి కూడా చెయ్యి జారిన కథ ఒకటుంది. 2022 ఏప్రిల్ 6న అమెరికాలోని న్యూ మెక్సికోలో అటవీ శాఖే పెట్టిన మంట గాలికి గీత దాటింది. అదే ప్రాంతంలో ఆ జనవరిలో కాల్చిన కట్టెల కుప్పలు మంచు కింద కూడా ఆరకుండా లోలోపల రగిలి, ఏప్రిల్‌లో బయటపడ్డాయి. రెండు మంటలూ కలిసి 3 లక్షల 40 వేల ఎకరాలు కాల్చాయి. ఈ సంగతి చదివినప్పుడు నాకు మా మేనమామ గుర్తొచ్చాడు. జీడిగింజ రాలకముందు తోట శుభ్రం చేసి ఆకుకుప్పకు నిప్పు పెట్టాడు. సాయంత్రం రెండు బిందెలు పోసి ఇంటికొచ్చాడు. రేపు మాపు అనుకుంటూ చూడటానికి వెళ్లలేదు. మూడోనాడు మధ్యాహ్నం గాలి లేచింది. ఎవరినీ అనడానికి లేదు, కుప్ప మాదే. కాపుకొచ్చిన పాతిక చెట్లలో పదకొండు మిగిలాయి.

ఇప్పుడు ఉపగ్రహాలు చూస్తున్నాయి కదా, ఇంక భయమెందుకు అనేవాళ్లు ఉన్నారు. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహాల సమాచారంతో బీటు స్థాయి దాకా ఎస్సెమ్మెస్‌లు పంపుతోంది. 2020 నవంబరు నుంచి 2021 జూన్ దాకా దేశం మొత్తం మీద 3,45,989 హెచ్చరికలు వెళ్లాయి. అందులో 51,968తో ఒడిశా ముందుంది, అంటే వంశధార పుట్టిన రాష్ట్రం. పనికొచ్చే ఏర్పాటే. కానీ ఈ హెచ్చరికలకు ఆధారమైన ఉపగ్రహం 375 మీటర్ల చదరాన్ని ఒక చుక్కగా చూస్తుంది. మన మీదుగా మధ్యాహ్నం ఒంటిగంటన్నరకూ రాత్రి ఒంటిగంటన్నరకూ దాటుతుంది. గాలి పడిపోయాక ఆరింటికి అంటించి ఎనిమిదింటికి ఆర్పేసిన మంచి పట్టీ దాని కంటపడకపోవచ్చు. మిట్టమధ్యాహ్నం పెట్టిన చెడ్డ మంట తప్పక పడుతుంది. కంటపడ్డదాంట్లో ఏది ఫైర్ లైన్, ఏది కార్చిచ్చు అన్నది మాత్రం దానికి తెలియదు. ఎస్సెమ్మెస్ అందుకున్న బీట్ ఆఫీసరు కొండ ఎక్కి చూడాల్సిందే. 2014 మార్చిలో శేషాచలం మంటలు తిరుమల వైపు వచ్చినప్పుడు వాయుసేన హెలికాప్టర్లు దిగాయి. పుణ్యక్షేత్రం కాబట్టి దిగాయి. మన కొండలకు దిగవు.

అసలు కాల్చనే కూడదనే వాదమూ ఉంది. మొలకలు పోతాయి, నేలలో పురుగూపుట్రా చస్తాయి, ఏటేటా కాలిన వాలు మీద బోదగడ్డి తప్ప మిగలదు అంటారు. ఏటేటా, మార్చిలో, కొండంతా కాలితే అది నిజమే. కానీ కర్ణాటకలోని బిళిగిరిరంగన కొండల్లో సోలిగ ఆదివాసులు చలికాలం చివర రాలుటాకుకు పలచగా నిప్పు పెట్టే ఆనవాయితీ ఉండేది. అభయారణ్యం అయ్యాక అది ఆపించారు. తర్వాత అక్కడ లాంటానా అడవిని కమ్ముకుంది, ఉసిరిచెట్లను బదనికలు పీల్చేశాయి. తాము కాల్చడం ఆగడమే దానికి కారణమంటారు సోలిగలు. ఆస్ట్రేలియా ఉత్తరాన పశ్చిమ ఆర్న్‌హెమ్ లాండ్‌లో 2006 నుంచి ఆదివాసులే ఎండాకాలం మొదట్లో చిన్నచిన్న మంటలు పెట్టి, చివర్లో వచ్చే పెద్ద మంటలను తగ్గిస్తున్నారు. తగ్గిన పొగకు లెక్కగట్టి ఒక గ్యాసు కంపెనీ వాళ్లకు డబ్బు కట్టింది. వాళ్ల చేతిలోనూ డ్రిప్ టార్చులే, హెలికాప్టర్లు కూడా. ఎక్కడ ఎప్పుడు కాల్చాలన్న నిర్ణయం మాత్రం ఆ నేల ఎరిగిన పెద్దలదే. మన 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు తన సామూహిక అడవిని కాపాడుకునే హక్కు ఇచ్చింది. వన సంరక్షణ సమితులు కాగితం మీద ఎన్నో ఊళ్లలో ఉన్నాయి. ఆ సమితి గదిలో నాలుగు పళ్ల పారలు, ఆరు రబ్బరు పట్టీలు, రెండు పంపులు, పది జతల బూట్లు, జనవరి నెల కూలి ముందే ఉంటే, ఒక్క డ్రిప్ టార్చ్ ఆ ఊరికి చాలు. దాని తాళం కుర్రాళ్ల దగ్గర కాదు, ఆ బీడీ పెద్దాయన లాంటివాడి దగ్గర ఉండాలి.

మళ్లీ ఇప్పచెట్టు దగ్గరికి. ఛత్తీస్‌గఢ్‌లో, మధ్యప్రదేశ్‌లో ఇప్పుడు కొన్ని ఊళ్లవాళ్లు చెట్టుకింద వల కడుతున్నారు. పువ్వు నేల తాకకుండా వలలో పడుతుంది. మట్టి, మసి అంటని పువ్వుకు ధర కూడా ఎక్కువ. అగ్గితో పనే లేదు. మన దగ్గర ఇప్పపువ్వు కొనే గిరిజన సహకార సంస్థ పువ్వు కొనడంతోపాటు వలలూ అందించడం మొదలుపెడితే, ఈ వ్యాసంలో చెప్పిన సామానంతటికంటే చవకైన ఫైర్ లైన్ అదే. వల లేనిచోట పాత చీరలైనా సరే. అదీ వీలుకాక కాల్చాల్సిందే అంటే, చెట్టు చుట్టూ మూడు బారల వెడల్పున ఆకు లాగి, మట్టి తేల్చి, లోపలిది మాత్రం కాల్చాలి.

సీతంపేట వైపు ఆ పట్టీ కాల్చిన మర్నాడు పొద్దున్నే పెద్దాయనతో కలిసి నేనూ వెళ్లాను. నేల నల్లగా, మంచుకు తడిసి, ఆరిపోయినట్టే ఉంది. ఆయన నమ్మలేదు. వంగి, అరచెయ్యి కాకుండా చేతి వెనకవైపు బూడిదకు ఆనించి ఆనించి చూస్తూ నడిచాడు. వేడి అక్కడే ముందు తెలుస్తుందట, పైగా చర్మం బొబ్బెక్కినా పని చేసే చెయ్యి మిగులుతుందట. అంచున ఒక మద్ది మోడు దగ్గర ఆగాడు. నాకేమీ కనిపించలేదు. నా చేతిలోని నీళ్ల సీసా తీసుకుని మోడు మొదట్లో సగం పోశాడు. సుయ్యిమంది. మిగతా సగమూ పోశాడు.